ఎర్ర తీగ చుట్టిన డబ్బా

1991 మే పన్నెండు, ఆదివారం, ఉదయం పదింటికి, బ్నీద్ అల్ గార్‌లోని మా కఫీల్ ఇంట్లో, మగవాళ్ళు కూర్చునే దివానియా గదిలో చెప్పినది.

నా పేరు గుండ్లూరు పెంచలయ్య. పెంచల్ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. తండ్రి చిన్నపుల్లయ్య, ఇప్పుడు లేడు. నా వయసు నలభై మూడు. మాది కడప జిల్లా, చిట్వేలు పక్కన పల్లె. కువైట్‌కు వచ్చి పదకొండేళ్ళయింది. ఈ ఇంటికి కాపలా మనిషిని. ఇంటి యజమానిని, అంటే మాకు వీసా ఇచ్చిన కఫీల్‌ను, మేమంతా బాబా అంటాం. బాబా తుపాకులు తుడిచి, మందు పోసి, భద్రం చేసే పని కూడా నాదే.

నాకు చదువు రాదు. నేను చెప్పేది తెలుగులో రాస్తున్నది అబ్దుల్ సలాం. రాయచోటి మనిషి, ఈ ఊళ్ళోనే షర్క్‌లో దర్జీ. విచారణకు వచ్చిన కువైటీ అధికారిగారికి అరబ్బీలో చెబుతున్నదీ అతనే. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. చాయ్ ఇచ్చారు. ఆ చాయ్ తెచ్చింది మా చెల్లెలు కళావతి. ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. బయటికి పంపిస్తామన్నారు. వద్దు, విననీయండి అన్నాను.

అధికారిగారు అడిగిన ప్రశ్న ఒకటే. పోయిన అక్టోబరు పందొమ్మిదిన షువైఖ్ గోదాములో బాబా వేట తుపాకి పగిలి ఇరాకీ నఖీబ్ ఒకడు చచ్చాడు కదా, అది ప్రమాదమా, కాదా? నఖీబ్ అంటే వాళ్ళలో కెప్టెన్. ప్రమాదం కాదు. అయితే ఈ ఒక్క మాట రాసుకుని లేచిపోతే కుదరదు. దానికి ముందు ఇంకో శుక్రవారం ఉంది. అది కూడా రాయాలి. వరసగా చెబుతాను.

ఆ తుపాకి ఇప్పటి తుపాకుల్లాంటిది కాదు. మూతి నుంచి మందు పోసి, సీసపు గుండును గుడ్డపేలికలో పెట్టి, కడ్డీతో అడుగుదాకా కూరి కాల్చే పాతకాలం వేట తుపాకి. గొట్టం అడుగున, కుడివైపు, మరతో బిగించిన చిన్న ఇనుప ముక్కు ఉంటుంది. దాని మీద రాగి టోపీ పెడితే సుత్తి వచ్చి కొడుతుంది. బాబా దాన్ని ఆయిల్ కంపెనీ పని మానుకుని పోతున్న ఒక ఇంగ్లీషాయన దగ్గర కొన్నాడు. కొన్నాక రెండేళ్ళు దాంతో ఏదీ కొట్టలేకపోయాడు. నేను అప్పుడు షువైఖ్‌లో ఆయన గోదాములో మూటలు మోసేవాణ్ణి. ఒక శుక్రవారం ఆయన మందు పోసే తీరు చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. ఎందుకు నవ్వావని అడిగాడు. మా నాయన గుట్టల్లో అడవిపందులను కొట్టింది ఇట్లాంటి దాంతోనే, మీరు మందు ఎంచుకోవడంలోనే పొరపాటు ఉంది అన్నాను. మూటలు మోసే పని ఆ రోజుతో పోయింది.

గురి అంతా కంట్లో ఉందనుకుంటారు. సగం మందులో ఉంది. బాబా దగ్గర మూడు డబ్బాలు ఉండేవి. మొదటి దాంట్లో బరక మందు, పలుకులు పలుకులుగా ఉంటుంది. రెండో దాంట్లో మెత్తన మందు, రవ్వకన్నా సన్నం. రెండూ నల్లగా ఉంటాయి, రెండూ పొగ కక్కుతాయి. మెత్తనది భగ్గున ఒక్కసారే అంటుకుంటుంది. అంత లావు గొట్టంలో అది గుండును తన్నుతుంది. గుడ్డపేలిక చినిగిపోతుంది. ఒక గుండు పైకి పోతుంది, ఇంకొకటి ఎడమకు పోతుంది. బరకది నిదానంగా కాలి గుండును తోస్తుంది. తోస్తేనే గుండు మనం చెప్పిన చోటికి పోతుంది. మందు ఎక్కువ పోస్తే గురి కుదురుతుందనుకోవడం ఇంకో తెలివితక్కువతనం. కొమ్ముగిన్నెతో ఎప్పుడూ ఒకే కొలత పోయాలి, కాల్చిన ప్రతిసారీ గొట్టం లోపల తడిగుడ్డతో తుడవాలి. విద్య అంతా ఇంతే.

శుక్రవారం గోదాము మూసి ఉంటుంది. రెండు గోడల మధ్య సందులో ఎనభై అంగల దూరాన తెల్లరంగు వేసిన రేకు నిలబెట్టేవాళ్ళం. దాని మీద ఖహ్వా, అంటే అరబ్బుల కాఫీ, తాగే చిన్న కప్పు మూతి అంత నల్ల చుక్క. ఏ మందు, ఎంత కొలత, గుండు ఎక్కడ తగిలింది, అన్నీ బాబా నోటుబుక్కులో గీసుకునేవాడు. ఎనిమిది నెలలు పట్టింది. ఎనిమిదో నెలలో బరక మందుతో అయిదు గుండ్లలో నాలుగు చుక్కలో పడ్డాయి. ఆ రోజు బాబా నా నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

మూడో డబ్బాకు ఎర్ర తీగ చుట్టి ఉండేది. అది బాబా తన కొత్త తుపాకి తూటాల్లో నింపుకునే పొగ రాని మందు. బూడిద రంగు, మెరుస్తుంది. అది పాత తుపాకిలో పడితే గొట్టం తట్టుకోలేదు. ఆ తీగ బాబా నా చేతనే చుట్టించాడు. "పెంచల్, ఇది అందులో పడిందంటే ముందు కుడివైపు ముక్కు ఎగిరిపోతుంది, దాని వెంట గొట్టం చీలుతుంది. కుడివైపు నిలబడ్డవాడు ఇంటికి పోడు" అన్నాడు. డబ్బాల మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటుంది. అది నాకు అక్కరలేదు. నేను మందును రెండు వేళ్ళ మధ్య నలిపి గుర్తుపడతాను.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పొద్దున తుపాకిలో మందు పోసినవాడే మొదటి గుండు కాల్చాలి. ఆ తర్వాతే తుపాకి ఇంకొకరి చేతికి ఇవ్వాలి. మందు తప్పయితే పోసినవాడి మొహమే పోవాలి గానీ పక్కవాడి మొహం పోకూడదని మా పెద్దవాళ్ళ ఉద్దేశం. బాబాకు ఇది తెగ నచ్చింది. దివానియాకు వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నన్ను చూపించేవాడు.

రేకు దగ్గర ఉండి గుండు ఎక్కడ తగిలిందో చూసేవాడు మా బావ రామసుబ్బయ్య. కళావతి భర్త. ఈ ఇంటి డ్రైవరు. రేకుకు ఎడమపక్క నాలుగంగల్లో సిమెంటు మూటలు పేర్చుకుని వాటి వెనక కూర్చునేవాడు. తుపాకి పేలగానే లేచి, గుండు తగిలిన చోట నీలం సుద్దముక్కతో సున్నా చుట్టి "తగిలింది!" అని అరిచేవాడు. తగలకపోతే అరిచేవాడు కాదు, చేతులు దులుపుకునేవాడు. ఆ సుద్దముక్క ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉండేది. ఉతికిన బట్టలన్నీ నీలం అవుతున్నాయని మా చెల్లెలు తిడుతూ ఉండేది.

1990 ఆగస్టు రెండున, గురువారం, ఇరాకీలు వచ్చారు. అప్పుడు బాబా కుటుంబంతో లండన్‌లో ఉన్నాడు. మా పాస్‌పోర్టులు షర్క్‌లో బాబా ఆఫీసు బీరువాలో ఉన్నాయి. మూడో రోజు ఆఫీసు కాలిపోయింది. పాస్‌పోర్టులు పోయాయి, బాబా గీసుకున్న నోటుబుక్కు కూడా పోయింది. ఆగస్టు పదకొండు, శనివారం, మధ్యాహ్నం రెండింటికి నఖీబ్ ఆరుగురు సైనికులతో వచ్చి ఈ ఇంట్లో దిగాడు. వాడి పేరు వాడు చెప్పలేదు, నేను అడగలేదు. బాబా తోలు చెప్పులు వేసుకుని తిరిగేవాడు. అవి వాడికి చిన్నవి. మడమలు వెనక్కి వేలాడేవి. నా కంటికి వాడంటే ఆ మడమలే.

తుపాకిని నేను అటక మీద పరుపుల మధ్య దాచాను. సెప్టెంబరు పదిన, సోమవారం, దొరికింది. నఖీబ్ నన్ను చెంప మీద రెండు కొట్టి, తుపాకిని ఒళ్ళో పెట్టుకుని చంటిపిల్లను నిమిరినట్టు నిమిరాడు. తన తాతకు ఇట్లాంటిది ఉండేదట. శుక్రవారం తోటి అధికారులను పిలిచి గురి చూపిస్తానన్నాడు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా రాయండి.

సెప్టెంబరు పద్నాలుగు, శుక్రవారం. సాయంత్రం నాలుగింటికి షువైఖ్ గోదాము చేరాం. నఖీబ్, ఇద్దరు అధికారులు, నలుగురు సైనికులు, నేను, మా బావ. సిమెంటు మూటలు అప్పటికే లేవు. రోడ్ల మీద అడ్డుకట్టలకు సైనికులు ఎత్తుకుపోయారు. వాటి చోట ఖాళీ నూనె పీపా ఒకటి పెట్టి, హిందీ దీని వెనక కూర్చుంటాడు అన్నాడు నఖీబ్. వాళ్ళకు మనమంతా హిందీలమే.

నఖీబ్ మందు డబ్బాల పెట్టె తెరిచి రెండో డబ్బా తీశాడు. దాని మీద ఇంగ్లీషు రాతను అధికారులకు గట్టిగా చదివి వినిపించాడు. చాలా మెత్తనిది, అన్నిటికన్నా మేలైనది అని రాసి ఉందట. నేను పోస్తానన్నాను. నోరు మూసుకో, నేనే పోస్తాను, నేనే కాలుస్తాను అన్నాడు. కొమ్ముగిన్నె నిండా తీసి, అది చాలదన్నట్టు పైన ఇంకాస్త పోశాడు.

మా బావకు మందు సంగతి నా అంత తెలియదు. అయినా ఇన్నేళ్ళు చూశాడు. నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"పెంచలా, ఆ డబ్బా కాదు గదా. చెప్పరాదా వానికి?"

"నోరు మూసుకోని కూచో బావా. కాల్చనీ. అంతమంది ముందర గోడకు కొట్టి సిగ్గు పోగొట్టుకోనీ."

"నీ కోపం బాగానే ఉండాది. ఆడ కూచునేది నేను గదరా."

అని నవ్వాడు. నవ్వి, జేబులో సుద్దముక్క తడుముకుంటూ పీపా దగ్గరికి నడిచాడు. ఎనభై అంగలు. నేను చూస్తూ నిలబడ్డాను. అన్ని అంగలు నడిచే లోపల ఒక్క మాట అనడానికి నాకు కావలసినంత సమయం ఉంది. మెత్తన మందు ఎడమకు కొడుతుందని నాకు తెలుసు. బావ ఎడమపక్కనే కూర్చుంటాడని తెలుసు. పీపా ఖాళీదని తెలుసు. అయినా నా కళ్ళ ముందు ఉన్నది నా చెంప మీద పడ్డ దెబ్బలే. వాడు నలుగురిలో నవ్వులపాలు కావాలి. నాకు అదే కావాలి.

మొదటి గుండు రేకుకు బాగా పైన గోడకు తగిలింది. అధికారులు నవ్వారు. మా బావ లేచి చేతులు దులుపుకుని మళ్ళీ కూర్చున్నాడు. నాకు చల్లగా అనిపించింది. నఖీబ్ మొహం ఎర్రబడింది. గొట్టం తుడవనివ్వలేదు. ఇంకాస్త ఎక్కువ మందు పోశాడు. రెండో గుండు ఎక్కడికి పోయిందో ఎవరికీ కనపడలేదు. మూడోది పీపాలో నుంచి పోయింది. నాలుగూ నలభై అయింది. గోదాము గడియారం నడుస్తూనే ఉంది, చూశాను.

నేను పరుగెత్తి పోయాను. గుండు గొంతు కింద తగిలింది. బావకు అప్పటికే ప్రాణం లేదు. కుడి పిడికిట్లో సుద్దముక్క ఉంది. నఖీబ్ మెల్లగా నడిచి వచ్చాడు. బాబా చెప్పులు నెత్తుట్లో పడకుండా పక్కగా నిలబడి, "మందు హిందీది. హిందీని హిందీ మందే చంపింది. ఖలాస్" అన్నాడు. గొట్టం తుడవడానికి నేను తెచ్చిన తడిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. శవాన్ని సైనికులు బండిలో వేసుకుపోయారు. ఎక్కడ పెట్టారో ఇవాళ్టికీ మాకు తెలియదు. నాకు దక్కింది ఆ సుద్దముక్క. తెచ్చి కళావతి చేతిలో పెట్టాను.

ఆ రాత్రి ఆమెకు ఒకటే చెప్పాను. వాడు చంపాడు అని. అది నిజం. అందులో సగమే నిజం.

మన వాళ్ళను బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేర్చే బస్సులకు మేము ముగ్గురమూ పేర్లు ఇచ్చి ఉన్నాం. పాస్‌పోర్టు పోయినవాళ్ళకు కాగితం రాసి ఇస్తున్నారు. మా బస్సు సెప్టెంబరు పదహారు, ఆదివారం. అంటే మా బావ ఇంకో రెండు రోజులు బతికి ఉంటే చాలు. ఆదివారం పొద్దున మూట కట్టుకో అని కళావతితో అన్నాను. ఆమె కదల్లేదు.

"అన్నా, వాన్ని వదిలిపెట్టి పోదామా?"

"ఏం జేస్తాం పాపా? వాని చేతిలో తుపాకి ఉండాది."

"ఆ తుపాకికి మందు పోసేది నువ్వే గదా."

ఆ మాట ఆమె అన్నది. ఆమె మీద తప్పు వేయడానికి చెప్పడం లేదు. నా మనసులో అప్పటికే ఉన్నది ఆమె నోట వచ్చింది, అంతే. బస్సు పోయింది. మేము ఉండిపోయాం.

తర్వాతి నాలుగు శుక్రవారాలు, సెప్టెంబరు ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, అక్టోబరు అయిదు, పన్నెండు, నేను ఆ కుక్కకు సేవ చేశాను. కుక్క అనే రాయండి. నేనే వాడి దగ్గరికి పోయి, సీదీ, అంటే దొరా, ఆ రోజు మందు తప్పు, నేను సరైన మందు చూపిస్తాను అని వంగి చెప్పాను. తోటివాళ్ళ ముందు పరువు పోయి ఉంది కాబట్టి వాడు ఒప్పుకున్నాడు. అయితే నన్ను నమ్మలేదు. బాబా స్నేహితుల దగ్గరో, పక్కింటి వాళ్ళ దగ్గరో మా పద్ధతి గురించి విన్నాడట. "నువ్వే పొయ్యాలి. మీ పద్ధతి ప్రకారం మొదటి గుండు నువ్వే కాల్చాలి. తర్వాతే నేను" అన్నాడు. ఆ పద్ధతిని మేము నమ్మిన దానికన్నా వాడు ఎక్కువ నమ్మాడు.

నేను బరక మందు పోశాను. ఒకే కొలత. ప్రతి గుండుకూ తుడిచాను. నాలుగు వారాల్లో వాడి చేత చుక్కను కొట్టించాను. బాబాకు ఎనిమిది నెలల్లో వచ్చిన విద్య వాడికి నాలుగు వారాల్లో నేర్పాను. వాడు సంతోషంతో నా వీపు తట్టాడు. తట్టిన ప్రతిసారీ నేను నవ్వాను. అట్లా నవ్వడం కన్నా వేళ్ళు పోగొట్టుకోవడం తేలిక. రెండూ చేసినవాణ్ణి, తెలిసే చెబుతున్నాను.

ఇంకోటి కూడా నేర్పాను. తుపాకి పేలేటప్పుడు కుడివైపు ముక్కు దగ్గర ముందుగా చిన్న పొగ వస్తుంది, ఆ పొగ తెల్లగా వస్తే మందు మంచిది, పసుపుగా వస్తే చెమ్మ తగిలినట్టు, మా పెద్దవాళ్ళు మొహం దగ్గరగా పెట్టి చూసేవాళ్ళు అన్నాను. అది అబద్ధం. మా ఊళ్ళో ఎవరూ అట్లా చూడరు. చూసినవాడికి కళ్ళు ఉండవు. మొదటి శుక్రవారం వాడు దూరం నుంచి చూశాడు. రెండో శుక్రవారం రెండంగల దూరంలో నిలబడ్డాడు. నాలుగో శుక్రవారానికి నేను కాల్చేటప్పుడు నా కుడి భుజం దగ్గరికి వంగి, ముక్కుకు జానెడు దూరంలో మొహం పెట్టి, "తెలుపు, తెలుపు" అని పిల్లవాడిలా సంబరపడ్డాడు.

అక్టోబరు పద్దెనిమిది, గురువారం, సాయంత్రం అయిదింటికి వాడు దివానియాలో, ఇప్పుడు అధికారిగారు కూర్చున్న చోటే, చాయ్ తాగుతున్నాడు. నేను మొదటి డబ్బాలోని బరక మందు బకెట్ నీళ్ళలో కలిపి పారబోశాను. ఎర్ర తీగ విప్పి, మూడో డబ్బాలోది మొదటి డబ్బాలో నింపాను. తీగను జేబులో వేసుకున్నాను. వాడు ఏనాడూ మందును చేత్తో ముట్టలేదు. డబ్బా మీద రాత చదివేవాడు. చదువుకున్నవాడు కదా, రాసింది చదివితే లోపల ఉన్నది తెలిసిపోయినట్టే.

అక్టోబరు పందొమ్మిది, శుక్రవారం, సాయంత్రం నాలుగున్నర. అదే గోదాము, అదే సందు. ఆ రోజు రేకు దగ్గర ఎవరినీ కూర్చోబెట్టవద్దని నేనే అడిగాను. నఖీబ్ డబ్బా మీద రాత చదివి తల ఊపాడు. నేను మందు పోశాను. గుండు కూరాను. టోపీ పెట్టాను. తుపాకి భుజానికి ఎత్తి, మొహం ఎడమకు తిప్పుకుని నేల చూస్తూ ఆగాను. ఏం చూస్తున్నావు అని వాడు అడిగాడు. కాళ్ళు సరిగ్గా నిలుపుకుంటున్నాను సీదీ అన్నాను. బాబా చెప్పులు నా కుడికాలి పక్కకు వచ్చాయి. మడమలు వెనక్కి వేలాడుతున్నాయి. వాడు వంగాడు. వాడి ఊపిరి నా చెవికి తగిలింది. అప్పుడు మీట నొక్కాను.

ఎడమ చేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు పోయాయి. కుడి చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. వాడి మొహంలో మొహం లేదు. కింద పడి చేతులతో నేల తడుముతున్నాడు. ఒక చెప్పు ఊడిపోయింది. నేను వాడి పక్కనే కూర్చుని, వాడికి తెలుగు రాకపోయినా తెలుగులోనే చెప్పాను. "ఇది రామసుబ్బయ్య మందురా" అన్నాను. నాకు సంతోషం కలిగింది. అధికారిగారు ఈ మాట తీసేయమని అంటారేమో. తీసేయకండి. సంతోషమే కలిగింది.

సైనికులు నన్ను కాల్చలేదు. పాత తుపాకి, పగిలిపోయింది, తన చేతిలో తుపాకి తనే ఎవడు పేల్చుకుంటాడు అని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. ఇద్దరినీ ఒకే బండిలో ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్టోబరు ఇరవై రెండు, సోమవారం, పొద్దున వాడు చచ్చాడని ఆసుపత్రిలో ఊడ్చే మనిషి చెప్పింది. ఆ పూట అన్నం కడుపునిండా తిన్నాను.

మరుసటి రోజు తినలేకపోయాను. మా బావను చంపినవాళ్ళు ఇద్దరు. ఒకడే పోయాడు. రెండోవాడు మంచం మీద కట్టు కట్టించుకుని పడుకుని ఉన్నాడు. మా చెల్లెలు రోజూ మూడు మైళ్ళు నడిచి వచ్చి, సైనికులకు దణ్ణాలు పెట్టి లోపలికి వచ్చి, వాడికి తన చేత్తో గంజి తాగించి పోతోంది. మా అన్న నా కోసం చెయ్యి పోగొట్టుకున్నాడని చుట్టుపక్కల మంచాల వాళ్ళకు చెబుతోంది. ఏడు నెలల నుంచి నేను ఆ మాట వింటున్నాను.

ఇక్కడ అబ్దుల్ సలాం రాయడం ఆపాడు. "పెంచలన్నా, నా మాట ఇను. నఖీబ్ సంగతి రాస్చా, సరే. సెప్టెంబరు సంగతి వద్దు. నీకేంటికి? ఆ యమ్మ ఆడ్నే నిలబడుకోనుండాది" అన్నాడు. అధికారిగారికి అరబ్బీలో చెబితే ఆయన కూడా అదే అన్నారు. శత్రువును చంపావు, దానికి నీ మీద కేసు ఉండదు, రెండోది మేము అడగలేదు, కాగితంలో అది ఎవరికీ పనికిరాదు అన్నారు. మర్యాదగానే అన్నారు.

అధికారిగారూ, నేను డబ్బాల మనిషిని. పైన ఒకటి రాసి లోపల ఇంకొకటి పోస్తే ఏమవుతుందో మీ అందరికన్నా నాకు బాగా తెలుసు. బావ పోయిన శుక్రవారం లేకుండా రాస్తే నేను ముద్ర వేయను. మందు తప్పని తెలిసినవాడు తెలిసి నోరు మూసుకున్నాడు. మా పద్ధతి ప్రకారం వాడి మొహం పోవాలి. ఇంకా పోలేదు. అందుకే ఆమెను విననీయండి అన్నాను.

అబ్దుల్ సలాం మొత్తం చదివి వినిపించాడు. అధికారిగారికి అరబ్బీలో, మాకు తెలుగులో. చదవడం అయ్యాక కళావతి తలుపు దగ్గరి నుంచి లోపలికి వచ్చింది. అధికారిగారి ముందు ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు నాకు ఎదురుగా కింద కూర్చుంది.

"నోరు మూసుకోమన్నెది నువ్వేనా అన్నా?"

"నేనే పాపా."

"ఆయప్ప నవ్వినాడా?"

"నవ్వినాడు."

"సలామన్నా, ఆ ఒక్క తావు మళ్ళా సదువు."

అతను మళ్ళీ చదివాడు. ఇంకోసారి చదవమంది. మూడుసార్లు చదివించుకుంది. ఏడవలేదు. ఈ మాటలు కూడా చేర్చి రాయమని నేనే చెప్పాను.

పైన ఉన్నదంతా నా నోటితో, నా తెలివిలో, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పాను. నేను చెప్పిందే ఇందులో ఉంది, ఇందులో ఉన్నదే నేను చెప్పాను. మగవాళ్ళు ఎడమ బొటనవేలు వేయాలట. నాకు అది లేదు కాబట్టి కుడి బొటనవేలు వేస్తున్నాను.

గుండ్లూరు పెంచలయ్య, కుడి చేతి బొటనవేలి ముద్ర.

రాసిన నేను, అబ్దుల్ సలాం, చూసింది కింద చేరుస్తున్నాను. సిరా పెట్టె పట్టుకున్నది కళావతి. అన్న వేలు తనే పట్టుకుని, సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కింది. గోరు తెల్లబడేదాకా వదల్లేదు. సాక్షిగా నువ్వు కూడా వేలిముద్ర వెయ్యమ్మా అని అధికారిగారు అడిగారు. ఆమె కొంగు ముడి విప్పి నీలం సుద్దముక్క తీసింది. పెంచలయ్య ముద్ర చుట్టూ సున్నా చుట్టింది.

"తగిలింది" అని, ఖాళీ చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. ఆ నీలం గీతను అధికారిగారు చెరపవద్దన్నారు. చెరపలేదు.

అబ్దుల్ సలాం, సంతకం.